బాండ్ సినిమాలు పాతికా మళ్లీ చూసి వరుస కడదాం (నెల్లూరు, ప్రకాశం వాళ్ల థ్రెడ్)

పెన్నా_తీరం:
శనివారానికి ఒకటి. ఉగాదికి మొదలుపెడితే దసరా నాటికి 25 అయిపోతాయి. అన్నీ కలిపితే 53 గంటల పైచిలుకు. ఎప్పుడో చూసిన జ్ఞాపకంతో ర్యాంకు ఇవ్వొద్దు. చూసిన రెండు రోజుల్లోపలే రాయండి.

లెక్కలోకి వచ్చేవి ఇయాన్ సంస్థ తీసినవే, 1962 డాక్టర్ నో నుంచి 2021 నో టైమ్ టు డై దాకా. 1967 నాటి క్యాసినో రాయల్ హాస్యం కోసం తీసింది. 1983 నెవర్ సే నెవర్ అగైన్ వేరే నిర్మాతలది, థండర్‌బాల్ కథనే మళ్లీ తీశారు. ఆ రెండూ పక్కన పెడుతున్నాం.

కొలత ఒక్కటే అడుగుతున్నా. సినిమా ముందు చూపించిన వస్తువుని, ముందు అన్న మాటని తర్వాత వాడుకుందా లేదా? నటుడు, పాట, కారు ఎవరి ఇష్టం వాళ్లది. వాటి మీద వాదన తెగదు. దీని మీద తెగుతుంది.

కావలి_ఎక్స్‌ప్రెస్:
అన్నా, మార్కులేస్తామా, వరుస రాస్తామా? పదికి మార్కులంటే అందరూ ఏడున్నర, ఎనిమిది ఇచ్చేస్తారు. చివరికి పదిహేను సినిమాలు ఒకేచోట ఇరుక్కుంటాయి.

ఒంగోలు_రీలు:
మార్కులొద్దు. రెండేసి పక్కపక్కన పెట్టి "ఈ రాత్రికి రెండిట్లో ఏది మళ్లీ చూస్తావు" అని అడుక్కోవాలి. కొత్తగా చూసినదాన్ని ముందు జాబితాలో నడిమిదానితో పోల్చండి. గెలిస్తే పై సగంలో నడిమిదానితో, ఓడితే కింది సగంలో నడిమిదానితో. జాబితాలో 12 ఉంటే నాలుగు పోలికలకు మించి పట్టదు. 24 ఉన్నా అయిదే.

అందరి జాబితాలు కలిపేటప్పుడు మొదటిదానికి 25, రెండోదానికి 24, అట్లా చివరిదానికి 1. ఎవరన్నా 18 మాత్రమే చూసి ఉంటే వాళ్ల జాబితా కలపొద్దు. చూడనివి సున్నా కింద పడి, పాపం మంచి సినిమాలు అడుక్కి పోతాయి. మిగిలినవి చూసిందాకా ఆగండి.

మైపాడు_అల:
చూసే పద్ధతి గురించి కూడా చెప్పుకోవాలబ్బా. టీవీ సెట్టింగులు సరిగా లేక సినిమాని తిడుతుండారు చానామంది.

మొదటి మూడు సినిమాల బొమ్మ తెర ఆకారానికి దగ్గరగానే ఉంటాది. 1965 థండర్‌బాల్ నుంచి వెడల్పు బొమ్మ, వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లు. లివ్ అండ్ లెట్ డై, ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్ రెండూ మళ్లీ 1.85. 1977 నుంచి తిరిగి 2.35. నలభై మూడు అంగుళాల టీవీలో 2.35 బొమ్మకి పైన ఆరున్నర, కింద ఆరున్నర సెంటీమీటర్లు నల్లగా ఉంటాది. అది తప్పు కాదు. నలుపు పోవాలని జూమ్ నొక్కారంటే బొమ్మ పక్కల నుంచి దాదాపు నాలుగోవంతు పోతాది. థండర్‌బాల్ నీటి యుద్ధంలో ఎవురు ఎవుర్ని పొడుస్తుండారో తెలియకపోవడానికి సగం కారణం ఇదే.

ఇంకోటి, కదలికను నున్నగా చేసే సెట్టింగు ఒకటి ఉంటాది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. దాన్ని ఆపేయండి. ఆపకపోతే కెన్ ఆడమ్ వేసిన సెట్లు సీరియల్ సెట్ల మాదిరి కనిపిస్తాయి.

కందుకూరు_కెమెరా:
పాత డీవీడీలున్న వాళ్లు గమనించండి. మన దేశంలో అమ్మినవి చాలావరకు పాల్ అనే పాత టీవీ పద్ధతివి. సెకనుకి 24 ఫ్రేముల సినిమా అందులో 25తో పరిగెత్తుతుంది. 130 నిమిషాల సినిమా 125కే అయిపోతుంది. సీన్లేమీ కోయలేదు. కాకపోతే మాటలు, సంగీతం కొంచెం సన్నగా వినిపిస్తాయి. బ్లూరే అయితే ఆ ఇబ్బంది లేదు, కాని బయట దేశాల నుంచి తెప్పిస్తే డిస్కు రీజియన్ చూసుకోండి. మనది సి.

మాటలు వినపడక, బాంబులు మాత్రం ఇల్లు అదిరేట్టు వస్తున్నాయంటే టీవీకి రెండే స్పీకర్లుండగా ఆరు చానళ్ల శబ్దం పంపుతున్నారన్నమాట. ఆడియోని స్టీరియోకి మార్చండి. అరవైల నాటి సినిమాలకు డిస్కులో మోనో ట్రాకు ఉంటే అదే పెట్టుకోండి, అవి విడుదలైంది అలాగే.

మార్కాపురం_పలక:
వరుసగానే చూడాలా? ఇంట్లో పిల్లలు డాక్టర్ నో దగ్గరే నిద్రపోతారేమో.

పెన్నా_తీరం:
అన్నీ వరుసలో చూడక్కర్లేదు గానీ మూడు ముడులున్నాయి, అవి విప్పకూడదు.

ఒకటి, డేనియల్ క్రేగ్ అయిదూ ఒకే కథ. 2008 క్వాంటమ్ ఆఫ్ సొలేస్ అయితే 2006 క్యాసినో రాయల్ ఎక్కడ ఆగిందో దాదాపు అక్కడే మొదలవుతుంది. 106 నిమిషాలే, మొత్తంలో అతి చిన్నది. ఆ రెండూ ఒకే రాత్రి వేసుకుంటే దాని ర్యాంకు నాలుగైదు మెట్లు పైకొస్తుంది. విడిగా చూస్తే ఎవరు ఎవరో అందదు. రచయితల సమ్మె నడుస్తుండగా తీశారు, ఆ అతుకులు కనిపిస్తాయి.

రెండు, 1969 ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్ చూడకుండా 1981 ఫర్ యువర్ ఐస్ ఓన్లీ చూడొద్దు. 1981ది బాండ్ భార్య సమాధి దగ్గర మొదలవుతుంది. రాయి మీద థెరిసా బాండ్, 1943–1969 అని ఉంటుంది. నటుడు మారినా మనిషి ఒక్కడేనని ఆ రాయి చెబుతుంది.

మూడు, ఆ 1969 సినిమా నో టైమ్ టు డైకి కూడా ముందుండాలి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన పాట, "మనకి బోలెడంత సమయం ఉంది" అన్న మాట, రెండూ 52 ఏళ్ల తర్వాత తిరిగొస్తాయి. మొదటిది తెలియకపోతే చివరిది సగమే తగులుతుంది.

పిల్లలతో మొదలుపెట్టాలంటే 1977 ద స్పై హూ లవ్డ్ మీ పెట్టండి. నీళ్లలోకి దిగే కారు చాలు, కదలరు.

కావలి_ఎక్స్‌ప్రెస్:
ఆ 1969 సినిమాలో ఒకటి నాకు మింగుడు పడదన్నా. అంతకుముందు యూ ఓన్లీ లివ్ ట్వైస్‌లో విలన్ బ్లోఫెల్డ్, బాండ్ ఎదురెదురుగా మాట్లాడుకున్నారు. ఇందులో బాండ్ కళ్లద్దాలు పెట్టుకుని హిలరీ బ్రే అని చెప్పుకుంటే గుర్తుపట్టడే! ముందు చూపించింది తర్వాత వాడాలన్నారు గదా, మరి దీన్ని ఏమంటారు?

ఒంగోలు_రీలు:
ఈ సినిమాలకు మూలమైన నవలల్లో వరుస తిరగబడి ఉంది. పుస్తకంగా ఆన్ హర్ మెజెస్టీస్ 1963లో వచ్చింది, యూ ఓన్లీ లివ్ ట్వైస్ 1964లో. కాబట్టి పుస్తకంలో అదే వాళ్ల మొదటి ముఖాముఖి. సినిమాల్లో 1967లో ఒకటి, 1969లో ఇంకొకటి తీశారు, కథని మాత్రం పుస్తకంలో ఉన్నట్టే ఉంచారు. కారణం ఇదీ. కానీ కారణం తెలిసిందని తప్పు ఒప్పు కాదు, ఒక మెట్టు తగ్గించాల్సిందే. ఒక్కటే మెట్టు. దర్శకుడు పీటర్ హంట్ అంతకుముందు సినిమాలకు ఎడిటర్, ఆ కోతల వేగం మంచు మీద పరుగుల్లో కనిపిస్తుంది. బాండ్ వంశ నినాదం "ద వరల్డ్ ఈజ్ నాట్ ఎనఫ్" అని ఇందులోనే చెప్పారు, అది 1999లో టైటిల్ అయింది.

మైపాడు_అల:
ఆ సినిమా చివర భార్యని చంపేస్తారు. తర్వాతి సినిమా 1971 డైమండ్స్ ఆర్ ఫరెవర్‌లో బాండ్ బ్లోఫెల్డ్ కోసం వెతుకుతానే మొదలవుతాడు, కానీ ఆమె పేరు కూడా ఎత్తరు. నా జాబితాలో 24 అది. అందులోనే ఇరుకు సందులో కారు పక్కకి ఒరిగి రెండు చక్రాల మీద పోతాది. లోపలికి పోయేటప్పుడు ఒక వైపు చక్రాల మీద, బయటికి వచ్చేటప్పుడు రెండో వైపు చక్రాల మీద! రెండు చివర్లూ వేరువేరుగా తీసి, తప్పు తెలిశాక నడుమ కారు అటునుంచి ఇటు ఒరిగినట్టు ఒక ముక్క అతికించారు. సందు వెడల్పు చూడండి. ఆడ కారు ఒరగడానికి చోటే లేదు.

కందుకూరు_కెమెరా:
దానికి సరిగ్గా ఎదురు 1974 గోల్డెన్ గన్‌లో దూకుడు. విరిగిన వంతెన మీద నుంచి కారు గాల్లో ఒక పూర్తి చుట్టు తిరిగి అవతల నాలుగు చక్రాల మీద పడుతుంది. ముందు కంప్యూటర్‌లో లెక్కగట్టి, బరువు సమంగా ఉండాలని స్టీరింగును కారు నడిమికి మార్చి, ఒక్క టేకులో తీశారు. గ్రాఫిక్స్ లేవు. అంత పని చేసి దాని మీద ఈల శబ్దం వేశారు. శబ్దం పూర్తిగా తగ్గించి ఆ ముక్క ఒక్కటే చూడండి, ఒళ్లు జలదరిస్తుంది. శబ్దం పెట్టి చూస్తే బొమ్మల సినిమా.

పెన్నా_తీరం:
ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 1963 ఫ్రమ్ రష్యా విత్ లవ్‌లో నల్ల బ్రీఫ్‌కేసు.

బాండ్‌కి పరికరాలు చేసిచ్చే క్యూగా డెస్మండ్ లెవెలిన్ మొదటిసారి కనిపించేది ఇందులోనే. ఆ పెట్టెలో ఏమేం ఉన్నాయో వరుసగా చూపిస్తాడు. విడదీసి సర్దిన రైఫిలు, పక్కన విసిరే కత్తి, పట్టీల్లో అటు 25, ఇటు 25 మొత్తం 50 బంగారు నాణేలు. పౌడరు డబ్బా అనిపించేది బాష్పవాయువు. మామూలుగా తెరిస్తే పేలుతుంది, గొళ్లేల్ని అడ్డంగా తిప్పి తెరవాలి. ఇదంతా రెండు నిమిషాలు కూడా ఉండదు.

ఇక లెక్కపెట్టుకోండి. రైఫిలు రెండుసార్లు వాడతారు, ఒకసారి ఇస్తాంబుల్‌లో గోడ మీది పోస్టరు దగ్గర, ఒకసారి హెలికాప్టర్ మీద. బాండ్‌ని చంపడానికొచ్చిన గ్రాంట్ రైల్లో తుపాకీ గురిపెట్టినప్పుడు బాండ్ ఒక్క సిగరెట్ ఇస్తే 50 నాణేలిస్తానంటాడు. ఆశ పుడుతుంది. రెండో పెట్టెలో కూడా ఉంటాయా అని గ్రాంటే దాన్ని తెరుస్తాడు, మామూలుగా. వాయువు పేలుతుంది. తర్వాత కొట్లాట. నేపథ్య సంగీతం లేదు, రైలు చప్పుడు, ఊపిర్లు, అద్దాలు పగలడం అంతే. చివర కత్తి. నాలుగు వస్తువులు చూపించారు, నాలుగూ వాడారు, ఒక్కటి కూడా కలిసొచ్చి జరిగింది కాదు, మనిషి ఆశ వల్ల జరిగింది. నాకు మొదటి స్థానం ఇదే. పక్కకి జరపను.

మార్కాపురం_పలక:
భోజనం బల్ల దగ్గర చేపతో పాటు గ్రాంట్ ఎర్ర వైను అడుగుతాడు, అప్పుడే అనుమానించాల్సిందని బాండ్ తర్వాత అంటాడు. అందులో తప్పేంటో మన పిల్లలకి అర్థం కావట్లేదు.

మైపాడు_అల:
వాళ్ల పద్ధతిలో చేపకి తెల్ల వైను. నెల్లూరోళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే, పెద్ద కుటుంబం అని చెప్పుకున్నోడు చేపల పులుసు అన్నంలో గడ్డపెరుగు ఏసుకున్నట్టు. పక్కనున్నోళ్లు తల తిప్పి చూస్తారు గదా, అదీ.

ఒంగోలు_రీలు:
నా మొదటి స్థానం 2006 క్యాసినో రాయల్. నవల్లో బాకరా ఆట, సినిమాలో పోకర్‌గా మార్చారు. పోకర్ తెలియదని ఆ సీను ఫోను చూసుకుంటూ దాటేసేవాళ్లున్నారు. దాటొద్దు. రమ్మీ తెలిస్తే చాలు.

బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు: ఆఠీన్ ఆసు, ఇస్పేటు 8, ఇస్పేటు 6, ఇస్పేటు 4, ఇస్పేటు ఆసు. ఎవరి చేతిలో రెండు వాళ్లకి. ఏడు ముక్కల్లో మంచి అయిదు ఎంచుకోవాలి. మొదటివాడి దగ్గర ఇస్పేటు రాజు, రాణి, అంటే అయిదూ ఇస్పేట్లే. రెండోవాడి దగ్గర రెండు ఎనిమిదులు, బల్ల మీదిది కలిపి మూడు ఎనిమిదులు, రెండు ఆసులు. విలన్ లె షీఫ్ర్ దగ్గర ఆసు, ఆరు. మూడు ఆసులు, రెండు ఆరులు, వాళ్లిద్దర్నీ మించింది. బాండ్ దగ్గర ఇస్పేటు 5, 7. బల్ల మీది 4, 6, 8తో కలిపితే 4 నుంచి 8 దాకా ఒకే రంగులో జోకరు లేని సీక్వెన్సు. మధ్యలో ఉన్న సొమ్ము 11.5 కోట్ల డాలర్లు.

ముక్కలు విప్పే వరుస చూడండి, చిన్నదాని నుంచి పెద్దదానికి. అంతకుముందు ఒక ఆటలో లె షీఫ్ర్ కంటి కదలికని నమ్మి బాండ్ మొత్తం పోగొట్టుకున్నాడు, వాడి చేతిలో నాలుగు జాకీలు తేలాయి. అందుకే ఈ చివరి ఆటలో బాండ్ ముఖాన్ని నమ్మడు, ముక్కల్ని నమ్ముతాడు. ముందు ఓటమిని తర్వాత వాడుకోవడం అంటే ఇది. అన్న అడిగిన కొలతకి ఇదీ సరిపోతుంది.

కావలి_ఎక్స్‌ప్రెస్:
విలన్ పథకాలు కూడా కొలతలో ఉండాలన్నా. 1964 గోల్డ్‌ఫింగర్ తీసుకోండి. నవల్లో వాడు అమెరికా ప్రభుత్వ ఖజానా ఫోర్ట్ నాక్స్‌లోని బంగారం ఎత్తుకుపోదామనుకుంటాడు. సినిమాలో బాండే లెక్కేసి చెబుతాడు: 1,500 కోట్ల డాలర్ల బంగారం 10,500 టన్నులు, 60 మంది 200 లారీల్లోకి ఎత్తడానికి 12 రోజులు. కుదరదు. అప్పుడు అసలు పథకం బయటపడుతుంది: ఎత్తుకుపోవడం కాదు, అణుబాంబు పెట్టి ఆ బంగారాన్ని 58 ఏళ్ల పాటు ఎవరూ ముట్టుకోకుండా చేస్తే వాడి దగ్గరున్న బంగారం ధర పదింతలవుతుంది. పుస్తకంలో ఉన్న పొరపాటునే కథకి బలంగా మార్చుకున్నారు. ఇంతకంటే తెలివైన మార్పు ఈ పాతికలో లేదు.

కందుకూరు_కెమెరా:
1983 ఆక్టోపసీని అడుక్కి తోసేవాళ్లు పథకం చూడకుండా తోస్తున్నారు. ఉదయపూర్ కోటలు, ఆటోల పరుగు, మద్రాసు విజయ్ అమృతరాజ్, కబీర్ బేడీ మనకి ఎలాగూ దగ్గరే. కానీ కథలో పశ్చిమ జర్మనీలోని అమెరికన్ స్థావరంలో, సర్కస్ మధ్యలో బాంబు పేల్చాలన్నది ఆలోచన. అది అమెరికా బాంబే పొరపాటున పేలిందని లోకం నమ్ముతుంది, యూరప్ అణ్వాయుధాలు తీసేయమంటుంది, అప్పుడు సోవియట్ సైన్యానికి దారి ఖాళీ. అంతా అతుకుతుంది. దాన్ని ఆపడానికి బాండ్ జోకరు వేషంలో వెళ్తే ఎవరూ నమ్మరు. గడియారం తిరుగుతుంటే చుట్టూ జనం నవ్వుతుంటారు, ఆ రెండు నిమిషాలు గట్టిగా ఉంటాయి. అడవిలో తీగ పట్టుకుని టార్జాన్ కేక వేయించడం మాత్రం సమర్థించలేను. నా జాబితాలో 11.

మైపాడు_అల:
1987 ద లివింగ్ డేలైట్స్‌ని అర్థం కాలేదని కింద పెడుతుండారు. డబ్బు ఎట్టా తిరుగుతాదో చెప్తా. సోవియట్ జనరల్ కాస్కోవ్ ఆయుధాలు కొనాలని సోవియట్ సొమ్ము 5 కోట్ల డాలర్లు తీసుకుంటాడు. ఆయుధాలు కొనకుండా ఆ డబ్బుతో వజ్రాలు, వజ్రాలిచ్చి అఫ్గానిస్తాన్‌లో నల్లమందు, అది అమ్మి వచ్చిన లాభంలోంచి ఆయుధాలు కొని అప్పగించి, మిగిలింది మింగడం. మనూళ్లో వాయిదా డబ్బుని వేరే వ్యాపారంలో తిప్పినట్టే. ఇది తెలుసుకుని చూడండి, ఆరేడు మెట్లు పైకి పోతాది. జాన్ బ్యారీ సంగీతం ఇచ్చిన 11 బాండ్ సినిమాల్లో ఇదే చివరిది. కచేరీలో ఆర్కెస్ట్రా నడిపించేది ఆయనే.

పెన్నా_తీరం:
లూయిస్ గిల్బర్ట్ దర్శకత్వం చేసిన మూడింటికీ ఎముకల గూడు ఒకటే. 1967లో రాకెట్టుని రాకెట్టు మింగుతుంది, 1977లో జలాంతర్గాముల్ని ఓడ మింగుతుంది, 1979 మూన్‌రేకర్‌లో అంతరిక్ష నౌక దొంగతనం. 1977 చివర "తర్వాత ఫర్ యువర్ ఐస్ ఓన్లీ" అని తెర మీద వేసి, స్టార్ వార్స్ ఆడటంతో మూన్‌రేకర్ ముందుకొచ్చింది. ఒకే కథ మూడుసార్లు కాబట్టి మూడింట్లో మధ్యదానికే పెద్ద ర్యాంకు ఇస్తాను, నాకు 6. 1976లో దాని కోసమే పైన్‌వుడ్ స్టూడియోలో అంత పెద్ద షెడ్డు కట్టారు, ఆ కష్టం తెర మీద ఉంది.

మార్కాపురం_పలక:
ఫర్ యువర్ ఐస్ ఓన్లీ మొదట్లో చక్రాల కుర్చీ గుండు మనిషి బ్లోఫెల్డేనా? పేరెందుకు చెప్పలేదు?

ఒంగోలు_రీలు:
వాడే. కానీ థండర్‌బాల్ కథ హక్కుల విషయంలో కెవిన్ మెక్‌క్లోరీతో తగాదా ఉంది, స్పెక్టర్ సంస్థ పేరు, బ్లోఫెల్డ్ పేరు వాడలేకపోయారు. అందుకే పేరు లేకుండా పొగగొట్టంలో పడేశారు. ఆ హక్కులు 2013లో తిరిగొచ్చాయి, 2015లో స్పెక్టర్ తీశారు. మన థియేటర్లలో ఆ సినిమా ముద్దు సీన్లు సెన్సారు సగానికి కోసింది కాబట్టి, అప్పుడు హాల్లో చూసినవాళ్లకి అతుకు తగిలి ఉంటుంది.

కావలి_ఎక్స్‌ప్రెస్:
స్కైఫాల్‌ని ఎవరూ ఎత్తట్లేదే? 2012లో అందరూ నెత్తిన పెట్టుకున్నారు.

పెన్నా_తీరం:
రోజర్ డీకిన్స్ కెమెరా, ముఖ్యంగా షాంఘై అద్దాల మేడలో నీడల కొట్లాట, ఈ పాతికలోనే అందమైన ముక్క. కానీ కొలతకి నిలవదు. విలన్ సిల్వా పట్టుబడటం, తప్పించుకోవడం, సరిగ్గా బాండ్ నిలబడ్డ చోటే పైకప్పు పేల్చి రైలు పడేయడం, ఇవన్నీ ఏళ్ల ముందే వేసుకున్న పథకమంటారు. బాండ్ ఆ నిమిషానికి ఆ సొరంగంలో ఉంటాడని వాడికెలా తెలుసు? మొదటిసారి చూసినప్పుడు ఆ వేగంలో తోచదు, రెండోసారి తోచి తీరుతుంది. నాకు 8.

కందుకూరు_కెమెరా:
8 అన్యాయం. చివర ఆ పాత ఇంట్లో తుపాకీ తూటాలు, పగిలిన గాజు, మేకులతో ఉచ్చులు పన్నుతారు చూడండి, ఒక్కొక్కటి ముందు చూపించి తర్వాత వాడిందే. నాకు 4. లివింగ్ డేలైట్స్‌తో పోల్చినా ఇదే గెలుస్తుంది.

మైపాడు_అల:
నాకు డేలైట్సే గెలుస్తాది. విమానం వెనక వల పట్టుకుని వేలాడిన ఇద్దరూ నిజంగా గాల్లో ఉన్నారు.

ఒంగోలు_రీలు:
ఇప్పటిదాకా వచ్చిన ఆరు జాబితాలు కలిపాను. ఫ్రమ్ రష్యా విత్ లవ్, క్యాసినో రాయల్, ఆన్ హర్ మెజెస్టీస్, గోల్డ్‌ఫింగర్, ఈ వరుసలో గట్టిగా నిలిచాయి. చివర్న డై అనదర్ డే, అందరూ ఒకే మాట మీద ఉన్నారు: మాయమయ్యే కారు చూపించాక ఇక ఏ ప్రమాదమూ ప్రమాదంగా అనిపించదు. అయిదో స్థానం దగ్గర స్కైఫాల్, లివింగ్ డేలైట్స్ సమానంగా ఆగాయి. అందరూ ఆ రెండూ మళ్లీ చూడాలి. ఈ శనివారం 9 గంటలకు డేలైట్స్, ఆదివారం అదే సమయానికి స్కైఫాల్, టీవీ సెట్టింగులు పైన చెప్పినట్టే. కరెంటు పోతే ఆపిన చోటు నిమిషం రాసిపెట్టుకుని అక్కడి నుంచే కొనసాగించండి, మధ్యలో వదిలేసి ఓటు వేయొద్దు. సోమవారం రాత్రి లోపల ఒక్క పేరు చాలు.

మార్కాపురం_పలక:
డేలైట్స్ 131 నిమిషాలు, స్కైఫాల్ 143. రాసుకున్నా. పిల్లలు డేలైట్స్‌లో చెల్లో పెట్టె మీద మంచులో జారే సీను నుంచి కూర్చుంటామంటున్నారు, మొదటి నుంచే కూర్చోబెడతా.